నాలుగు వాయిస్ మెయిల్‌లు, రాని జవాబు: ఒక మెడికల్ బిల్లింగ్ ఫ్లోర్ నుంచి కేస్ స్టడీ

ఆ అకౌంటు నా దగ్గరికి వచ్చేసరికి అప్పీలుకి ఉన్న 120 రోజుల గడువులో 81 రోజులు అయిపోయాయి. కాల్ నోట్స్ తెరిస్తే నాలుగు ఎంట్రీలు ఉన్నాయి. నాలుగింటిలోనూ ఒకటే మాట: ఎల్‌వీఎమ్. మెడికల్ బిల్లింగ్‌లో ఉన్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు, లెఫ్ట్ వాయిస్ మెయిల్. ఫోన్ చేశాం, ఎవరూ ఎత్తలేదు, మెసేజ్ పెట్టాం. నాలుగోదాని పక్కన మా కాలర్ ఇంకో వాక్యం చేర్చింది: అవతలి ఆఫీసు నుంచి స్పందన లేదు, క్లయింటుకి చెప్పి క్లోజ్ చేయొచ్చు.

క్లోజ్ చేయడమంటే డాక్టరుకి రావాల్సిన డబ్బు వదిలేసుకోవడం. దానికి సరే అనే ముందు ఆ నాలుగు కాల్స్ రికార్డింగ్ విందామని హెడ్‌సెట్ పెట్టుకున్నాను. విన్నాక ఆ రాత్రి మిగతా పనంతా పక్కన పెట్టేశాను.

నేను హైదరాబాద్‌లో ఒక బిల్లింగ్ కంపెనీలో క్వాలిటీ చూస్తాను. అంతకుముందు ఏడేళ్ళు నేనూ ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్) కాలర్‌నే. అమెరికా డాక్టర్లు ఇన్సూరెన్స్‌కి పంపిన క్లెయిమ్‌లలో డబ్బు రానివాటి వెంట పడి రాబట్టడం మా పని. మాదాపూర్‌లో సాయంత్రం ఏడింటికి లాగిన్, తెల్లవారుజామున నాలుగింటికి లాగౌట్, కిందకి దిగితే క్యాబ్.

కేసు ఇది. మా క్లయింటు కాలిఫోర్నియాలో ఎముకల డాక్టరు. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) ఉన్న ఒక పేషెంటుకి మోకాలిలో హయలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మెడికేర్ ఆ క్లెయిమ్‌ని సీఓ 50 కోడ్‌తో తిప్పి కొట్టింది. ఈ వైద్యం అవసరమైందని మాకు రుజువు కాలేదు అని దాని అర్థం. ఇలాంటి ఇంజెక్షన్ల దాకా వెళ్ళాలంటే అంతకుముందు మాత్రలు, ఫిజియోథెరపీ చేసి చూశారని, అయినా నొప్పి తగ్గలేదని కాగితాల్లో కనపడాలి. ఆవిడ థెరపీ చేయించుకుంది మాత్రం వేరే క్లినిక్‌లో. అక్కడి నోట్స్ తెప్పించి, జతచేసి, రీడిటర్మినేషన్ వేయాలి. మెడికేర్ అప్పీళ్ళలో అది మొదటి మెట్టు. డినయల్ నోటీసు అందిన రోజు నుంచి 120 రోజుల లోపు పడాలి. ఆ రోజు దాటితే, గట్టి కారణం చూపించగలిగితే తప్ప, ఇక వినరు.

అంటే మాకు కావాల్సింది కొన్ని పేజీల ఫ్యాక్స్. దాని కోసం నాలుగుసార్లు ఫోన్ చేశాం.

మొదటి రికార్డింగ్ నిమిషం పది సెకన్లు ఉంది. మా కాలర్ రెండేళ్ళ అనుభవం ఉన్న అమ్మాయి, వరంగల్ నుంచి వచ్చింది. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. లైవ్ కాల్స్‌లో ఇన్సూరెన్స్ వాళ్ళతో ఎంత ఓపిగ్గా వాదిస్తుందో నాకు తెలుసు. బీప్ రాగానే మాత్రం వేరే మనిషి అయిపోయింది. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు గబగబా అందుకుంది. గుడ్ ఆఫ్టర్‌నూన్, హోప్ యూ ఆర్ డూయింగ్ గుడ్ అని మొదలుపెట్టి, తన పేరు, మా కంపెనీ పేరు, డాక్టరు పేరు, పేషెంటు పూర్తి పేరు, పుట్టిన తేదీ, మెడికేర్ నంబరు, ఇంజెక్షన్ ఇచ్చిన తేదీ, డినయల్ ఎందుకొచ్చిందో, అప్పీలు ఎందుకు వేయాలో అన్నీ చెప్పింది. అసలు ఏం కావాలో చెప్పేసరికి 50 సెకన్లు దాటాయి. ఫోన్ నంబరు చిట్టచివర వచ్చింది, అదీ ఒక్కసారే.

ఆ నంబరు చెప్పిన తీరు దగ్గర నేను రికార్డింగ్ ఆపి మళ్ళీ మళ్ళీ విన్నాను. మనం పది అంకెల మొబైల్ నంబరుని ఐదూ ఐదూ చేసి చెబుతాం. చిన్నప్పటి నుంచి చెవికి పడిన లయ అది. రెండు నాలుగులు పక్కపక్కన వస్తే డబుల్ ఫోర్ అంటాం, మూడు వస్తే ట్రిపుల్ అంటాం. అమెరికాలో పది అంకెలు మూడు, మూడు, నాలుగుగా విడిపోతాయి. మొదటి మూడూ ఏరియా కోడ్. వాళ్ళ చెయ్యి మూడు అంకెలు రాసి ఒక్క క్షణం ఆగుతుంది. మా అమ్మాయి ఐదు అంకెలు ఒక్క ఊపిరిలో చెప్పి, మధ్యలో డబుల్ ఫోర్ అని, మిగతా ఐదూ ఇంకో ఊపిరిలో చెప్పేసింది. ఏ తప్పూ లేదు, అంకెలన్నీ సరైనవే. కానీ పెన్ను పట్టుకుని నేను రాయబోతే ఏడో అంకె దగ్గర తడబడ్డాను. మా నంబరు నాకు కంఠస్థం వచ్చి కూడా.

రాయలేకపోతే ఏం చేయాలి? మెసేజ్ మొదటి నుంచి మళ్ళీ వినాలి. నిమిషం పది సెకన్లు. చిన్న క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ మీద ఒక్క మనిషి, ఎదురుగా పేషెంట్లు, పెట్టెలో ఇంకా ఎన్నో మెసేజ్‌లు. ఎవరు వింటారు?

రెండోది, మూడోది ఇంకొంచెం పొడుగు. నాలుగోదాంట్లో విసుగు వినపడింది. ఇది మా నాలుగో ప్రయత్నం అని గొంతు కాస్త పెంచి చెప్పింది. మరుసటి రోజు షిఫ్టులో పక్కన కూర్చోబెట్టుకుని వినిపించాను. మొదటిది సగం కూడా కాకముందే హెడ్‌సెట్ తీసేసింది.

"నేను ఇంత ఫాస్ట్‌గా మాట్లాడతానా అక్కా?"

"కాల్‌లో మాట్లాడవు. బీప్ వస్తేనే."

"మెషీన్‌తో మాట్లాడాలంటే టెన్షన్ వస్తుందక్కా. అవతల ఊ కొట్టేవాళ్ళు ఉండరు కదా."

ఈ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. నిజమే, మన మాటంతా ఊ కొట్టేవాళ్ళ మీద ఆధారపడి నడుస్తుంది. ఆ ఊ వినపడితే ఆగుతాం, వినపడకపోతే మళ్ళీ చెబుతాం. పైగా మనకి వాయిస్ మెయిల్ అలవాటే లేదు. ల్యాండ్‌లైన్ నుంచి నేరుగా మొబైల్‌కి, మిస్డ్ కాల్‌కి వచ్చేశాం. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, చూసుకుని వాళ్ళే చేస్తారు. గుంటూరులో మా పెద్దమ్మ డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తే, అతను ఎత్తకపోతే, ఒక అమ్మాయి గొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పి బీప్ వస్తుంది. పెద్దమ్మ వెంటనే పెట్టేస్తుంది. "ఎవరో అమ్మాయి ఎత్తిందే" అని నాకు చేసి చెప్పేది. మా ఫ్లోర్ మీద కొత్తగా చేరే పిల్లల్లో చాలామంది జీవితంలో పెట్టే మొదటి వాయిస్ మెయిల్ ఉద్యోగంలోనే, అదీ పరాయి దేశపు ఆఫీసుకి, పరాయి భాషలో. రెండు నెలల ట్రైనింగ్‌లో డినయల్ కోడ్‌లన్నీ నేర్పిస్తాం. బీప్ తర్వాత ఏం చేయాలో ఒక్క గంట కూడా నేర్పించలేదు. ఆ తప్పు ఆ అమ్మాయిది కాదు, మాది.

రికార్డింగుల్లో ఇంకో సంగతి బయటపడింది. పేషెంటు పేరు, పుట్టిన తేదీ, మెడికేర్ నంబరు, జబ్బు, అన్నీ ఒక క్లినిక్ జనరల్ మెయిల్‌బాక్స్‌లో వదిలేశాం. దాన్ని ఎవరు తెరుస్తారో మనకి తెలీదు. పేషెంట్ల సమాచారం బయటికి పొక్కకుండా కాపాడే అమెరికా చట్టం హిపా 1996 నాటిది. 2013 నుంచి మాలాంటి బిల్లింగ్ కంపెనీల మీద కూడా నేరుగా బాధ్యత పడింది. పేమెంటు కోసం ఒక డాక్టరు ఆఫీసు ఇంకో డాక్టరు ఆఫీసుకి వివరాలు చెప్పొచ్చు. కానీ పనికి ఎంత అవసరమో అంతే చెప్పాలి. నేను అదే రోజు మా కంపెనీలో చట్టం సరిగ్గా పాటిస్తున్నామో లేదో చూసే కంప్లయెన్స్ వాళ్ళకి రాసి పంపాను. ఆ క్లినిక్ అదే పేషెంటుకి వైద్యం చేసింది కాబట్టి ఇది ఉల్లంఘన కిందికి రాదని వాళ్ళు తేల్చారు. నాకు మాత్రం ఊపిరి ఆడలేదు. ఒక్క అంకె తప్పు నొక్కి ఉంటే? ఆ పెద్దావిడ మెడికేర్ నంబరు ఎవరి ఇంట్లో మోగి ఉండేది?

ఇంతవరకూ మా మెసేజ్‌లు బాగాలేవు కాబట్టి వాళ్ళు తిరిగి చేయలేదని అనుకున్నాను. నా రిపోర్టు కూడా అలాగే మొదలుపెట్టాను. ఆ రాత్రి నేనే ఆ క్లినిక్‌కి ఫోన్ చేయబోతూ, ముందు చేసిన నాలుగు కాల్స్ టైము చూశాను. నాలుగూ మన రాత్రి 12:40కీ 1:20కీ మధ్యలో ఉన్నాయి. ఎందుకో వెంటనే అర్థమైంది. మా వాళ్ళు షిఫ్టు మొదలవగానే న్యూయార్క్, ఫ్లోరిడా అకౌంట్లు అందుకుంటారు, అక్కడ ముందు తెల్లారుతుంది కాబట్టి. పన్నెండింటికి భోజనానికి వెళ్ళి పన్నెండున్నరకి వచ్చి కాలిఫోర్నియా లిస్టు తెరుస్తారు. ఎండాకాలంలో అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు, ఆ టైములో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. మన రాత్రి పన్నెండున్నర అంటే అక్కడ మిట్టమధ్యాహ్నం పన్నెండు. మేం తిని వచ్చి ఫోన్ చేసే గంటలోనే వాళ్ళు తినడానికి వెళ్తున్నారు. నాలుగుసార్లూ అదే గంట.

నేను రాత్రి తొమ్మిదింటికి చేశాను. అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. రెండో రింగుకే ఎత్తారు.

ఎత్తినావిడ గొంతు చూస్తే యాభై దాటిన మనిషిలా ఉంది. నేను ఎవరి తరఫున చేస్తున్నానో చెప్పగానే, "ఓ, మీరా!" అంది. ఆ మాటలో కోపం లేదు, ఒక రకమైన నిట్టూర్పు ఉంది. ఆవిడ చెప్పింది ఇది. మధ్యాహ్నం ఒంటి గంటకి భోజనం నుంచి వచ్చాక మెయిల్‌బాక్స్ తెరిచి, నోట్ ప్యాడ్ ముందు పెట్టుకుని మెసేజ్‌లు వింటుంది. ఒక్కోదానికి ఒక్కో గీత కొట్టి పేరు, నంబరు, పని రాసుకుంటుంది. చివరి పేషెంటు వెళ్ళాక, నాలుగు దాటాక, ఆ ప్యాడ్ చూసుకుంటూ తిరిగి ఫోన్లు చేస్తుంది. మా మొదటి మెసేజ్‌లో నంబరు సరిగ్గా అందలేదు. రెండోసారి అందింది. "రెండుసార్లు చేశానమ్మా. మీ మెయిల్‌బాక్స్ నిండిపోయిందని చెప్పింది. అందులో గొంతు కూడా వేరే ఎవరో అబ్బాయిది. మీరు చెప్పిన పేరు కాదు. తప్పు నంబరేమో అనుకుని వదిలేశాను."

నేను ఏం మాట్లాడాలో తోచక కాసేపు ఊరుకున్నాను.

అక్కడ సాయంత్రం నాలుగంటే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. నాలుగింటికే మా ఫ్లోర్ ఖాళీ. ఆ లైను మెయిల్‌బాక్స్‌కి వెళ్ళింది. మెయిల్‌బాక్స్‌లో 30 మెసేజ్‌లు పడితే నిండినట్టే. దాన్ని ఎన్నాళ్ళుగా ఎవరూ తెరవలేదు. గ్రీటింగ్ రికార్డు చేసిన అబ్బాయి ఉద్యోగం మానేసి ఏడాదయింది. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. ఐటీ వాళ్ళు రీసెట్ చేసి ఇచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

ఆ 30 మెసేజ్‌లూ నేనూ, వరంగల్ అమ్మాయీ కూర్చుని విన్నాం. చేతిలో పెన్ను, ముందు కాగితం. ఈ కేసు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ గంటన్నరే. కొన్ని మెసేజ్‌లు అచ్చం అమెరికన్ ఆఫీసు పద్ధతిలో ఉన్నాయి: పేరు, నంబరు, ఒక్క వాక్యం, మళ్ళీ నంబరు, అయిపోయింది. రాయడం అయిపోయేసరికి మెసేజ్ కూడా అయిపోయింది, చెయ్యీ చెవీ కలిసి నడిచినట్టు. కొన్నింటిలో వెనక పిల్లల ఏడుపు, ట్రాఫిక్ హోరు, మధ్యలో మాట మునిగిపోయి ఏ ఆఫీసో కూడా తెలీలేదు. ఒకటి మా క్లయింట్లలోనే ఒక డాక్టరు ఆఫీసు మేనేజరు పెట్టింది, ఒక పేషెంటు ఇన్సూరెన్స్ మారిందని. ఆ మారిన సంగతి తెలియక మేం పాత ఇన్సూరెన్స్‌కే బిల్లు పంపుతూ ఉన్నాం. ఇంకొకటి, ఒక ఆడమనిషి తన బిల్లు గురించి అడుగుతూ మర్యాదగా మూడుసార్లు నంబరు చెప్పింది. దయచేసి ఫోన్ చేయండి అంది. ఆ మెసేజ్ పెట్టి నాలుగు నెలలు దాటింది.

"మనం కూడా వాళ్ళ మెసేజ్‌లకి ఇలాగే చేశామన్నమాట," అంది అమ్మాయి. నేను తల ఊపాను. కాగితం చూశాక మాత్రం తనకి ఒక సంగతి తట్టింది. ఏ మెసేజ్ అయితే రాసుకోవడానికి వీలుగా ఉందో దానికే మేం మొదట ఫోన్ చేయాలని గుర్తు పెట్టుకున్నాం. ఎంత ముఖ్యమైనదో చూసి కాదు, ఎంత తేలిగ్గా కాగితం మీదికి దిగిందో చూసి. అవతల ఆవిడ చేసిందీ అదే.

అక్కడే నాకు మా ఊరి స్కూల్లో ఉక్తలేఖనం గుర్తొచ్చింది. తెలుగు మాస్టారు ఒక పదం చెప్పి, బెంచీల మధ్య నడుస్తూ, అందరి పలకల మీద బలపాలు ఆగేదాకా రెండో పదం చెప్పేవారు కాదు. ఒత్తులున్న మాటైతే రెండుసార్లు పలికేవారు. ఆయన మాట్లాడేది మా చెవులతో కాదు, మా చేతులతో. వాయిస్ మెయిల్ అంటే మాట్లాడటం అనుకుంటాం కాబట్టి అందులో పొరపాటు పడుతున్నాం. అది ఉక్తలేఖనం. అవతల ఒక చెయ్యి రాస్తూ ఉంటుంది. ఆ చెయ్యి మనకి కనపడదు, అందుకే దాన్ని ఊహించుకుని ఆగాలి.

వారం తిరిగేలోపు ట్రైనింగ్ దీని మీదే పెట్టాం. స్లైడ్లు లేవు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాం. ఒకరు వీపు తిప్పి కూర్చుని మెసేజ్ చెప్పాలి, రెండోవాళ్ళు కాగితం మీద రాయాలి, మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. అయ్యాక కాగితం చదివి వినిపించాలి. మొదటి రోజు ఫోన్ నంబరు సరిగ్గా దిగినవాళ్ళు తక్కువ. వీపు తిప్పడం చాలా పనిచేసింది, ఎందుకంటే ఎదుటి మనిషి మొహం కనపడితే తెలియకుండానే వేగం తగ్గుతుంది, మెషీన్ ముందు అలా తగ్గదు. నంబరు చెప్పేటప్పుడు గాల్లో వేలితో అంకెలు రాస్తూ చెప్పమన్నాను. వేలు ఎంత వేగంగా కదిలితే నోరు అంతే వేగంగా కదులుతుంది. ఖమ్మం నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఇప్పటికీ అలాగే చేస్తాడు, డెస్క్ మీద వేలితో.

మెసేజ్‌లో ఏముండాలన్నది తర్వాత తేల్చుకున్నాం. ఆవిడతో మాట్లాడినా థెరపీ నోట్స్ ఇంకా రాలేదు. మేం ఆ క్లినిక్‌కి పెట్టిన ఐదో మెసేజ్ 30 సెకన్ల లోపే. ఇంగ్లీషులో చెప్పిందే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను: "ఫలానా డాక్టరుగారి బిల్లింగ్ ఆఫీసు నుంచి చేస్తున్నాను, నా పేరు ఇది. నంబరు ఇది. మీ దగ్గర థెరపీ చేయించుకున్న ఒక పేషెంటు నోట్స్ కావాలి. వివరాలన్నీ ఈ ఉదయం మీకు ఫ్యాక్స్ చేశాం, కవర్ షీటు మీద మా డాక్టరు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వచ్చే శుక్రవారం లోగా కావాలి. మీరు సాయంత్రం నాలుగు తర్వాత చేసినా మేం ఎత్తుతాం. నంబరు మళ్ళీ చెబుతున్నాను."

ఇందులో పేషెంటు పేరు లేదు, పుట్టిన తేదీ లేదు, జబ్బు లేదు. అవన్నీ ఫ్యాక్స్‌లో ఉన్నాయి. ఫ్యాక్స్ ఏమిటి ఈ రోజుల్లో అని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు కానీ అమెరికా వైద్యంలో అది ఇంకా నిక్షేపంగా నడుస్తోంది. మామూలు ఈమెయిల్‌లో పేషెంటు సమాచారం పంపడానికి చిన్న క్లినిక్‌లు జంకుతాయి. వాయిస్ మెయిల్ మీద మేం మోపిన బరువు ఒక్కటే: ట్రేలో పడి ఉన్న ఫ్యాక్స్ వైపు ఆవిడ చూపు తిప్పడం. వివరాలు మోయడం దాని పని కాదు. "శుక్రవారం" అని వారం పేరు చెప్పడం కూడా కావాలనే. తేదీని అంకెల్లో చెబితే వాళ్ళు నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు చెబుతాం. మూడు, నాలుగు అంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో ఎవరికి తెలుసు. ఇంకో మాట, Z అక్షరాన్ని జెడ్ అంటే వాళ్ళ చెయ్యి ఆగిపోతుంది, జీ అనాలి. అదీ అనకుండా జీబ్రాలో అక్షరం అని చెప్పడం ఇంకా మంచిది.

పేరు విషయంలో మా వాళ్ళు చాలా ఇబ్బంది పడతారు. ఐదారు అక్షరాల తెలుగు పేరు గబుక్కున చెబితే అవతల రాసుకోలేరు. కొన్ని ఫ్లోర్లలో అమెరికన్ పేర్లు పెట్టుకోమంటారు. నాకది నచ్చదు. సొంత పేరులోంచే ఒక చిన్న ముక్క తీసుకుని, అదే ముక్క గ్రీటింగ్‌లోనూ, ఫ్యాక్స్ మీదా, మెసేజ్‌లోనూ వాడితే చాలు. మూడు చోట్లా ఒకే పేరు కనపడటం ముఖ్యం. ఆవిడ మమ్మల్ని తప్పు నంబరు అనుకున్నది అక్కడే కదా.

మా మేనేజరుకి ఈ తంతు అంతా అనవసరం అనిపించింది. కోకా-కోలా లాంటి కంపెనీయే 2014లో అట్లాంటా హెడ్డాఫీసులో వాయిస్ మెయిల్ తీసేసిందని, తర్వాతి ఏడాది జేపీ మోర్గాన్ కూడా చాలామంది ఉద్యోగులకి తీసేసిందని చెప్పారు. అది నిజమే. కానీ జేపీ మోర్గాన్ తీసేసింది కస్టమర్లతో నేరుగా మాట్లాడే పని లేనివాళ్ళకి. మేం ఫోన్ చేసేది ఒక రిసెప్షనిస్టు, ఒక నోట్ ప్యాడ్ ఉన్న క్లినిక్‌కి. అక్కడ వాయిస్ మెయిల్ చచ్చిపోలేదు. రోజూ మధ్యాహ్నం ఒంటి గంటకి ఒక మనిషి కూర్చుని వింటోంది. ఆ మాట చెప్పి, 30 మెసేజ్‌ల కాగితం ఆయన ముందు పెట్టాను. చదివాక ఆయన ఇంకేమీ అడగలేదు.

ఇక మా వైపు మెయిల్‌బాక్స్. దానికి ఒక యజమాని ఉండాలని మొదట రాసుకున్నాం. షిఫ్టులో అందరికంటే ముందు లాగిన్ అయ్యే ఇద్దరు వారం మార్చి వారం దాన్ని తెరుస్తారు. విన్నదాన్ని వెంటనే అకౌంట్ నోట్స్‌లోకి ఎక్కిస్తారు, ఎక్కించాకే తుడిచేస్తారు. గ్రీటింగ్‌లో మనిషి పేరు తీసేసి టీమ్ పేరు పెట్టాం, ఏ టైము నుంచి ఏ టైము దాకా ఫోన్ ఎత్తుతామో వాళ్ళ గడియారం ప్రకారం చెప్పాం. కాలిఫోర్నియా లిస్టు చూసే ముగ్గురి షిఫ్టుని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరుకి మార్చాం. దీనికి ఒప్పుకోవడం తేలిక కాలేదు. ఆరింటికి లాగౌట్ అంటే ఇంటికి వెళ్ళేసరికి ట్రాఫిక్ మొదలవుతుంది, పిల్లలున్నవాళ్ళకి స్కూలు టైము. ఒకామె కుదరదని చెప్పింది, ఆమెని ఫ్లోరిడా లిస్టుకి మార్చాం.

నోట్స్‌లో ఎల్‌వీఎమ్ అని మూడక్షరాలు రాసి వదిలేయడం ఆపేయించాం. నా ఉద్దేశంలో అసలు జబ్బు అదే. ఆ మూడక్షరాలు పడగానే ఆ రోజు లెక్కలో పని అయినట్టు నమోదయ్యేది. కాల్స్ సంఖ్య పెరిగేది, స్క్రీన్ ఆకుపచ్చగా కనపడేది. కాలర్‌ని తప్పు పట్టలేం, మేం కొలిచేదే అది. ఇప్పుడు ఎల్‌వీఎమ్ పక్కన మూడు సంగతులు ఉండాలి: అవతలివాళ్ళ గడియారంలో టైము ఎంత, ఏం అడిగాం, జవాబు రాకపోతే మళ్ళీ ఏ రోజు ఏ పూట చేయాలి. రెండోసారి కూడా అదే పూటకి చేస్తే సిస్టమ్ ఒప్పుకోదు. రెండు మెసేజ్‌ల తర్వాత మూడోది పెట్టడం లేదు, ఫ్యాక్స్ చేసి, పూట మార్చి, మనిషి దొరికేదాకా ఫోన్ చేయడమే. నాలుగో వాయిస్ మెయిల్ వల్ల విసుగు తప్ప ఏమీ చేరదని ఆ రికార్డింగ్ చెప్పింది.

అన్నీ కుదిరాయని చెప్పను. మెసేజ్‌ని స్క్రిప్టులా రాసి ఇస్తే కొందరు చదివేశారు, చదివినట్టే వినిపించింది. అలాంటి గొంతు వింటే అమ్మకాల ఫోన్ అనుకుని అవతల మధ్యలోనే తుడిచేస్తారు. స్క్రిప్టు తీసేసి, ఏ వరసలో చెప్పాలో నాలుగు మాటలు మాత్రం మానిటర్ అంచు మీద అతికించాం. మా ఫోన్ సిస్టమ్‌లో మెసేజ్‌ని అక్షరాల్లోకి మార్చే సదుపాయం ఉంది, దాని మీద ఆధారపడదామని ఐటీ వాళ్ళు అన్నారు. పేర్లనీ, అంకెలనీ అది తప్పుగా రాయడం చూశాక, ఏ మెసేజ్ ముందు వినాలో ఎంచుకోవడానికి మాత్రమే వాడుతున్నాం. రాసుకోవడం చెవితోనే. ఇన్సూరెన్స్ కంపెనీల జనరల్ లైన్లకి వాయిస్ మెయిల్ పెట్టడం పూర్తిగా మానేశాం. నా అనుభవంలో అక్కడి నుంచి తిరిగి ఫోన్ వచ్చింది లేదు. అక్కడ హోల్డ్‌లో కూర్చోవడమే దారి.

ఆ థెరపీ నోట్స్ సంగతి. ఐదో మెసేజ్ పెట్టిన మరుసటి తెల్లవారుజామున 4:40కి ఫోన్ మోగింది. కొత్త షిఫ్టు ఇంకా మొదలవలేదు, నేనూ వరంగల్ అమ్మాయీ కావాలని ఆగిపోయాం. ఆ అమ్మాయే ఎత్తింది. ఆవిడ ఫ్యాక్స్ చేతిలో పట్టుకునే మాట్లాడింది, రెండు ప్రశ్నలు అడిగింది, తొమ్మిది పేజీలు పంపింది. 101వ రోజున అప్పీలు పంపాం. రీడిటర్మినేషన్ నిర్ణయానికి మామూలుగా 60 రోజుల దాకా పడుతుంది. నిర్ణయం మా క్లయింటుకి అనుకూలంగా వచ్చింది, ఇంజెక్షన్ల డబ్బు వచ్చింది. పాత 30 మెసేజ్‌లలో రెండు అకౌంట్ల గడువు మాత్రం అప్పటికే దాటిపోయింది. వాటిని క్లయింటుకి ఉన్నదున్నట్టు చెప్పి రాసిచ్చాం. బిల్లు గురించి మూడుసార్లు నంబరు చెప్పిన ఆడమనిషికి నేనే ఫోన్ చేసి ఆలస్యానికి క్షమాపణ చెప్పాను. ఆవిడ అప్పటికే ఎవరినో పట్టుకుని పని చేయించుకుంది.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరిగాయి. కాలిఫోర్నియాకీ మనకీ తేడా పదమూడున్నర గంటలైంది. వాళ్ళ సాయంత్రం నాలుగు మనకి ఐదున్నర అయి కూర్చుంది, ఆరింటికి లాగౌట్ అయితే ఆవిడలాంటి వాళ్ళు తిరిగి ఫోన్ చేసే గంటలో సగం పోతుంది. ఇద్దరి షిఫ్టుని మళ్ళీ గంట జరిపి రాత్రి పది నుంచి పొద్దున ఏడుకి పెట్టి, ఆ సోమవారం లాగిన్ అవగానే గ్రీటింగ్ కొత్తగా రికార్డు చేశాం. వరంగల్ అమ్మాయి గొంతుతో.